అంటుకోని ఇసుక

మా బావ పోయిన కబురు నాకు దవాఖాన ల్యాబులో తెలిసింది. ఆయన ఆ పొద్దున పట్టి ఇచ్చిన మూత్రం సీసాను నేను అప్పుడే అందించాను. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఉన్నది అదే. పూలు పెట్టి రాయడం నాకు చేతకాదు.

ల్యాబు చూసే సారు ఆ సీసాను తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ముఖం చిట్లించాడు.

"ఇది నీదా?"

"కాదు సారూ, బావది. నాది గీ తెల్లగున్నది."

"ఇంత చిక్కగైందేంది? చాయ డికాషన్ లెక్కున్నది. నీళ్లు తాగుతలేడా?"

"తాగడు సారూ. నా మాట ఇనడు. మీరే చెప్పాలె."

"వచ్చే వారం ఆయన్నే రమ్మను. నేను తిడత."

తిట్టించుకోవడానికి ఆయన అప్పటికే లేడు. సారు సీసా బల్ల మీద పెట్టేలోపల, గోదావరి మీద మమ్మల్ని దాటించే పడవ మామ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. నన్ను చూస్తే చాలు ఏదో ఒకటి అని నవ్వే మనిషి, ఆ రోజు నా దిక్కు చూడలేదు. సారుకే చెప్పాడు.

"పిలగాన్ని తోలుండ్రి సారూ. ఆల్ల బావ బట్టీ కాడ పడిపోయిండు. వడదెబ్బ. నేను పడవ ఇప్పేటప్పటికే పానం లేదు."

మా బావ అంటే మా అక్క భర్త. గోదావరికి లక్సెట్టిపేట వైపున్న ఒడ్డు మీద ఒక సున్నపు బట్టీలో మేమిద్దరం కూలీలం. దవాఖాన నది అవతల, ధర్మపురి దాటాక. నాకు రాయడం వచ్చు కనుక ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని బట్టీ వాళ్లు అడిగారు. రాస్తాను. కానీ ముందు ఒక మాట. ఆయన్ని చూస్తే నాకు ఓర్వలేనితనం ఉండేది అని రాయబోయి ఆగాను. ఇప్పుడూ ఉంది.

ఆయన మా ఇంటికి అల్లుడై వచ్చిననాడే అది మొదలైంది. అంతవరకు మా అవ్వ, నన్ను కన్న తల్లి, కూరలో మంచి ముక్క ఏరి నా కంచంలో వేసేది. తర్వాత గంటె ముందు ఆయన దిక్కు తిరిగేది. మా అక్క నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ, వాకిట్లో ఆయన దగ్గు వినపడగానే లేచి పోయేది. బట్టీలో నేను కూలి గురించి, నీడ గురించి, మేస్త్రీ కొట్టంలో పెట్టుకునే నీళ్ల కుండ గురించి గొంతు పోయేటట్టు మాట్లాడితే అందరూ బీడీలు కాలుస్తూ విని, లేచి పనికి పోయేవాళ్లు. ఆయన వచ్చి ఒక్క మాట అంటే పడిపడి నవ్వేవాళ్లు. మేస్త్రీ కూడా నవ్వేవాడు. నేను పేపరు చూసి చెప్పిన సంగతి మరునాటికి ఎవరికీ గుర్తుండదు. ఆయన అన్నది ఊరంతా తిరిగేది.

నేను బడికి పోయింది కొద్ది రోజులే. సున్నం కొనేవాళ్లు పారేసిపోయిన పాత పేపర్లతో అక్షరాలు గట్టిచేసుకున్నాను. తర్వాత గ్రంథాలయంలో కూర్చుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కున్నాను. ఆయన వేలిముద్ర మనిషి. మా ఇద్దరిలో చివరికి సైన్సుకు పనికొచ్చింది ఎవరు? ఆయన. అదీ ఆయన తెలివి కాదు, ఆయన మూత్రం.

బట్టీ తెలియనివాళ్లకు చెబుతాను. సున్నపురాయిని పగలగొట్టి, రాయీ బొగ్గూ వరుసలుగా పేర్చి కాలుస్తాం. కాలిన రాయిని సరిగా చల్లారకముందే కింది నుంచి లాగి బయట వేస్తాం. పైన ఎండ, ముందు సెగ. తాగిన నీళ్లన్నీ చెమటకే పోతాయి. అలా రాయి లాగుతున్న ఒక మధ్యాహ్నం నేను నడుము పట్టుకుని కూలబడ్డాను. వీపులో లేచిన పోటు పొత్తికడుపు దాకా దిగింది. వాంతి అయింది. నేలమీద దొర్లాను. అందరూ తేలు కుట్టిందని కర్రలు పట్టుకుని వెతుకుతుంటే, మా బావ ఒక్కడే సున్నం బండి ఖాళీ చేసి, తడి గోనె పరిచి, నన్ను ఎత్తి అందులో వేశాడు.

దారి పొడుగునా ఆయన నోరు ఊరుకోలేదు.

"బామ్మర్దీ, జర మెల్లగ ఒర్రు. ఎడ్లు బెదురుతున్నయ్."

"సస్తున్న బావా."

"సావకురా అయ్యా. నువ్వు లేకుంట పోతె మీ అక్క నన్ను ఇంట్లకు రానియ్యది."

అంత నొప్పిలోనూ నాకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు కోపం వచ్చింది.

అది మూత్రపిండంలో రాయి అని దవాఖానలో చెప్పారు. ఆ రాయి దానంతట అదే పడిపోయింది. కొంతకాలానికి ఇంకొకటి దిగింది. అప్పుడు పెద్ద డాక్టరు నా కుడి మూత్రపిండం వాచి ఉందని, మళ్లీ రాయి అడ్డంపడితే ఆ మూత్రపిండమే తీసేయక తప్పదని చెప్పాడు. కడుపు కోసిన మనిషిని మేస్త్రీ బట్టీ దగ్గరికి రానివ్వడు. నాకు వేరే పని రాదు. నా కుడి మూత్రపిండం అంటే నా కూడు. అది ఉంటుందా ఊడుతుందా అన్నదే అప్పటి నుంచి నాకున్న ఒకే ఒక్క సంగతి.

ల్యాబు సారు దగ్గర నేను అరిచాను.

"ఒక్కటే బాయి నీళ్లు, ఒక్కటే జొన్నగట్క, ఒక్కటే ఎండ. మా బావ నాకన్న తక్కువ నీళ్లు తాగుతడు. ఆయనకెందుకు రాదు సారూ రాయి? నాకే ఎందుకు?"

నిజానికి అది రోగం గురించిన ప్రశ్న కాదు. మా అవ్వను, మా అక్కను, మేస్త్రీని, అందరినీ కలిపి అడిగిన ప్రశ్న. సారు మాత్రం రోగం ప్రశ్నగానే తీసుకున్నాడు.

"మంచిగ అడిగినవ్. ఆయన్ని గూడ తోల్క రా. ఇద్దరిదీ పక్కపక్కన పెట్టి సూస్త."

మా బట్టీలో దీనికి వేరే లెక్క ఉండేది. పొడిసున్నం ముక్కులోకి పోయి, లోపల నీళ్లతో కలిసి, గచ్చులాగ గట్టిపడి రాయి అవుతుందని అందరి నమ్మకం. గచ్చు బాగా పట్టాలంటే గానుగ సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు, అది అందరం చూసిందే. కాబట్టి మా బావ మా అక్కకు తీర్పు చెప్పాడు. "వానికి గుడ్డు బంద్ జెయ్యి. లోపట సున్నం తయారున్నది. మీదికెల్లి గుడ్డు గూడ ఏస్తె మిద్దె లేస్తది." నాకు గుడ్డు ఆగిపోయింది. నా వంతు గుడ్డు ఎవరు తిన్నారో చెప్పనక్కరలేదు. తిన్న గుడ్డు కడుపులోనే అరిగిపోతుందనీ, గుడ్డులాగే కిడ్నీ దాకా నడిచిపోదనీ సారు చెప్పాక గానీ అది తిరిగి నా కంచంలోకి రాలేదు.

అప్పటి నుంచి వారం వారం మా ఇద్దరి సీసాలు గోదావరి దాటాయి. ఎక్కువసార్లు తీసుకుపోయింది ఆయనే. నాకు సిగ్గు, ఆయనకు అది లేదు. ఒకసారి పడవ మామ ఆ సీసాలు చూసి ఆశపడ్డాడు.

"అల్లుడా, పొద్దటి కల్లా? ఏ తాటిచెట్టుది?"

"ఒకటి పోద్దాడుది, ఒకటి పరుపుదాడుది. ఏది గావాలె మామా?"

"ఏదైతేంది, ముందు ఇటు తే."

మామ బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, తెడ్డు వదిలేసి అరిచిన అరుపుకు పడవలో ఉన్నవాళ్లంతా ఒక పక్కకు ఒరిగి నవ్వారట. పడవ తిరగబడబోయిందట. నేను ఎక్కినప్పుడల్లా మామ నన్ను చూసి, "ఏం పిలగా, ఇయ్యాల పులిసిందా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు నాది కాదు. మా బావ వదిలిపోయిన నవ్వు, నా ముందర మళ్లీ లేచేది.

ఒకరోజు సారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చూపించాడు. రెండు గాజు గొట్టాలు, ఒకదాంట్లో నాది, ఒకదాంట్లో ఆయనది. రెండింటిలోనూ ఏదో మందు చుక్క వేశాడు. రెండూ తెల్లగా మసకబారాయి. ఒక్కో చుక్కను గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శిని కింద తోశాడు. దాన్ని మా బావ దుర్బీను అనేవాడు. నాది చూశాను. గాజు పెంకుల్లాంటి ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గుంపులు గుంపులుగా ముడిపడి ఉన్నాయి. ఆయనది చూశాను. అక్కడా రేణువులు ఉన్నాయి, తక్కువేం లేవు. కానీ చిన్నవి. దేనికది విడిగా, ఇసుక చల్లినట్టు.

"రేణువులు ఇద్దరికీ పుడుతున్నయ్," అన్నాడు సారు. "అందరికీ పుడుతయ్. పుట్టుడు కాదు, పెరుగుడు, అతుక్కునుడు, అదీ సంగతి. మూత్రంల తెల్లసొన జాతి పదార్థం జరంత ఉంటది. మాంసకృత్తు అంటరు. అది పోయి రేణువు మీద పూత లెక్క పడుతది. పూత పడ్డ కాడ కొత్త పొర ఎక్కది, పక్క రేణువు అంటది. మీ బావకు ఆ కావలి మస్తు మంచిగున్నది. నేను ఇంత మంచిది సూడలే."

మా బావ మీసం దువ్వుకున్నాడు. నేను అడిగాను, "మరి నాకు లేదా సారూ?"

"ఆగు, సూపిస్త."

నాకు పడిన రెండో రాయిని సారు ఆమ్లంలో వేసి ఉంచాడు. రాయి కరిగిపోయింది. కరిగిన చోట అదే రాయి ఆకారంలో మెత్తని పొర ఒకటి మిగిలింది, అవతలి వెలుతురు కనపడేటంత పలచగా. గిన్నె కదిపితే వణికింది.

"ఇదీ ఆ జాతిదే. నీకు గూడ ఉన్నది. కాని అడ్డం నిలవడాల్సింది జిగురై కూసున్నది. అదే పదార్థం ఒకల్ల దాంట్ల కావలి గాస్తది, ఇంకొకల్ల దాంట్ల గోడ కడ్తది. ఎందుకంటవా, నాకు సగమే తెలుసు. బయటి దేశాలోల్లు గూడ ఇప్పుడిప్పుడే ఎతుకుతున్నరు."

మా బావ గిన్నెలోకి వంగి చూశాడు. "అచ్చం మా బామ్మర్దే సారూ. రాయి కరిగినా మొండితనం పోలే."

సారు నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను గంటలు గంటలు చదివి తెచ్చిన ప్రశ్నలకు ఆయన ఎప్పుడూ అంత నవ్వలేదు.

తర్వాత సారు మా బావదాన్ని బాగా కాచి, చల్లార్చి, మళ్లీ చుక్క వేశాడు. ఈసారి రేణువులు నావాటిలాగే పెరిగి గుంపుకట్టాయి. గుడ్డు ఉడికితే తెల్లసొన ఎలా మారిపోతుందో, ఇదీ అలా మారి గుణం పోగొట్టుకుందని చెప్పాడు. "అయ్యో, గంత మంచిదాన్ని ఉడకబెట్టిన్రా సారూ," అని మా బావ నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత సారు చేసింది నేను ఎప్పటికీ మరిచిపోను. కాచని బావదాన్ని కొంచెం వడకట్టి నాదాంట్లో కలిపాడు. దుర్బీనులో కన్ను పెట్టాను. నా రేణువులు చిన్నగా, విడివిడిగా ఉండిపోయాయి. గాజు గొట్టంలో నా రోగం కుదిరింది. మా బావ దయతో కుదిరింది. నాకు ఏడుపు వచ్చింది. సంతోషంతో కాదు.

ఆయన మాత్రం ఎగిరి లేచాడు. "ఇంకేంది మల్ల! రోజింత తాపుదాం వానికి. ఆవుది తాగుతలేరా?"

"తాగితె కడుపుల అరిగిపోతది. గుడ్డు సంగతి చెప్పిన గదా."

"సూదితోని ఎక్కియ్యుండ్రి."

"గట్ల ఎక్కియ్యరాదు. పానం మీదికి వస్తది."

మా బావ తన గాజు గొట్టం తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "ఉన్నదాన్ని ఇయ్యరాకుంట పోతె, ఉండి ఏం ఫాయిద సారూ," అన్నాడు. పళ్లెంలో ముక్క, అక్క నవ్వు, మేస్త్రీ మెప్పు, అన్నీ తీసుకున్న మనిషి, ఈ ఒక్కటి తీసి ఇవ్వబోయాడు. అది ఇవ్వడానికి వీలు లేనిది. ఆయన మీద నాకు పూర్తిగా కోపం లేకుండా పోయిన క్షణం ఏదైనా ఉందంటే అదే. అదీ ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఇవ్వాలనుకోవడంలో కూడా ఆయనే నాకంటే పెద్దవాడయ్యాడు.

సారు నాకు చెప్పింది ఒక్కటే. "నీ కావలి నమ్మరాదు. నీకు నీళ్లే కావలి. పలచగుంటె రేణువులు దూరం దూరం ఉంటయ్, ఒకదానికొకటి దొరకవు." బావకూ చెప్పాడు. "నువ్వు గూడ తాగాలె. నీళ్లు రాయి కోసమే కాదు, ఒంటి కోసం." అది నేను నా చెవులతో విన్నాను. మా బావ వినలేదు. ఆయన చెవిలో అప్పటికే ఆ మొదటి మెప్పు కూర్చుని ఉంది.

నేను ఎండిన ఆనిగెపుకాయ, అంటే సొరకాయ, బుర్రలో నీళ్లు నింపుకుని నడుముకు కట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. మేస్త్రీ కొట్టం వైపు పోవాల్సిన పని లేదు, ఎవరినీ అడగాల్సిన పని లేదు. గుక్క గుక్కకూ బట్టీ అంతా ఎగతాళి.

"వచ్చింది మా బర్రె. కుడితి తాగే యాళ్లయింది," అనేవాడు మా బావ.

"నువ్వు తాగు బావా. సారు నీకు గూడ చెప్పిండు."

"నాకెందుకురా? నీకు కావలోడు లేడు, నువ్వు తాగు. నా లోపట కావలోడు డ్యూటీ మీదున్నడు. నాకేం ఫికర్?"

అందరూ నవ్వేవాళ్లు. ఊరికి నీళ్లు అక్కరలేని మనిషి దొరికాడు. సారు ఒక రోగం గురించి చెప్పిన మాటను ఆయన ఒంటికంతటికీ తాయెత్తు కట్టుకున్నట్టు కట్టుకున్నాడు. దాహం వేస్తే బీడీ ముట్టించేవాడు. నోరు ఎండితే ఆకు నమిలేవాడు. బుర్ర పట్టుకుని తిరిగే రోగిష్టి బామ్మర్ది పక్కన తాను రోగం లేనివాణ్ణని చూపించడం ఆయనకు సరదా. నేను ఆ సరదాను కూడా ఓర్వలేకపోయాను. నాకూ ఒక్క రోజు అలా ఉండాలనిపించేది, కావలోడి మీద భారం వేసి, నీళ్ల దిక్కు చూడకుండా.

రోహిణి కార్తె ఎండలు. సీసాలు పోవాల్సిన రోజు. ఎప్పుడూ పోయే ఆయన, ఆ రోజు లారీ వస్తుందని మేస్త్రీ ఆపితే ఆగిపోయాడు. నేను పడవ ఎక్కాను. మిగిలింది అక్కడున్నవాళ్లు చెప్పిందే. లారీ నిండేదాకా ఎవరూ నీళ్లకని కొట్టం దగ్గరికి రావద్దని మేస్త్రీ అరిచాడట. అయినా ఒక ముసలామె చెంబుతో నీళ్లు తెచ్చి ఈయనకు అందించిందట. "నువ్వు తాగు పెద్దవ్వా, నాకు కావలోడున్నడు," అన్నాడట. కొంతసేపటికి పలుగు చేతిలో ఉండగానే మాట తడబడింది. చెమట ఆగిపోయింది. ఒళ్లు పెనంలాగ కాలుతూ పడిపోయాడు. మోసుకొచ్చి నీళ్లు పోసేసరికి ఆలస్యమైంది. లారీ మాత్రం నిండే పోయింది.

చావుకు వచ్చిన జనాన్ని చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. నేను పోతే ఇందులో సగం మంది రారు. మా అవ్వ కన్నకొడుకు పోయినట్టు ఏడ్చింది. మా అక్క ఏడవలేదు. అందరూ పోయాక, గోడకు ఆనుకుని, నన్ను అడిగింది.

"తమ్మీ, గా సీసల ఏమున్నదిరా? దాన్ని చూస్కొని ఈ మనిషి అంత మురిసిపాయె. సారు మెచ్చుకున్నకాన్నుంచి నీళ్ల కుండ దిక్కు సూసుడే బంద్ జేసిండు. గా రాయేదో ఆయనకు ఒక్కటి వచ్చినా అయిపోవు గదరా. నీ లెక్క బుర్ర కట్టుకొని, నీ లెక్క మూలుక్కుంట బతికేటోడు."

నేను లేచి, ఒక చెంబు నీళ్లు ముంచి తెచ్చి ఆమె ముందర పెట్టాను.

దినాలు అయినాక గోదావరి దాటి ల్యాబుకు పోయాను. సారు నాది పరీక్ష చేసి, పలచగా ఉందని, కుడి మూత్రపిండం వాపు తగ్గిందని పెద్ద డాక్టరు చెప్పాడని అన్నాడు. ఇలాగే తాగితే నిలుస్తుందట. నేను తల ఊపాను. తర్వాత ఆయన కిటికీ దగ్గరి చెక్క మీద చెయ్యి పెట్టాడు. చెడిపోకుండా మందు వేసి ఉంచిన సీసాలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి నా పాతది, నేను బుర్ర కట్టుకోకముందుది. రెండోది మా బావ ఆఖరిది.

"పారబొయ్యబుద్ధి కాలే," అన్నాడు సారు. "నువ్వొస్తవని ఉంచిన."

నాది తీసి ఊపాను. అడుగున గట్టిపడిన ఉండ ఒకటి గాజుకు తగిలి టిక్కుమంది. దించేశాను. ఆయనది తీశాను. అంత చిక్కటిది, ఎండ అంతా దిగి నల్లబడ్డది, ఇన్ని రోజులు కదలకుండా కూర్చున్నది. ఇందులోనైనా అతుక్కుని ఉంటాయనుకున్నాను. ఉండాలని కోరుకున్నానని కూడా రాస్తున్నాను. మెల్లగా తిప్పాను. అడుగు నుంచి సన్నటి ఇసుక లేచింది. లేచి, సీసా నిండా పరుచుకుని, కిటికీ ఎండలో దేనికది మెరిసింది. ఒక్కటీ పక్కదాన్ని పట్టుకోలేదు.

మళ్లీ చెక్క మీద పెట్టి, నడుముకున్న బుర్ర విప్పి నీళ్లు తాగాను. తాగుతున్నంతసేపూ సీసాలో ఆ ఇసుక కిందికి దిగుతూనే ఉంది, ఏ తొందరా లేకుండా.